కాకినాడ యాంకరేజ్‌లో వాన ఎన్ని గంటలకు మొదలైంది? మా ఎస్‌ఓఎఫ్ యాప్ పని డైరీ

మొదటి వారం

ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నామో ముందే రాసి పెట్టుకుంటున్నాను. మధ్యలో విసుగొచ్చి వదిలేయాలనిపించినప్పుడు ఈ పేజీ తిరగేసి చూసుకోవాలి.

మాది కాకినాడలో చిన్న షిప్పింగ్ ఏజెన్సీ. ఆరుగురం. ఓడ బయల్దేరిందన్న కబురు వచ్చినప్పటి నుంచి అది లంగరెత్తి వెళ్లిపోయేదాకా ఇక్కడ ఒడ్డున దాని తరఫున తిరిగేది మేమే. కస్టమ్స్, పోర్టు, ఇమిగ్రేషన్, పోర్టు హెల్త్, లాంచి, మంచినీళ్లు, సిబ్బందిలో ఎవరికైనా పన్నునొప్పి వస్తే డాక్టరు, అన్నీ. వీటన్నిటితో పాటు ఓడ దగ్గర ఏ నిమిషానికి ఏం జరిగిందో రాసే కాగితం ఒకటుంది. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అంటారు, వాడుకలో ఎస్‌ఓఎఫ్. లంగరు ఎప్పుడు వేసింది, ఎన్‌ఓఆర్ ఎప్పుడు ఇచ్చింది (అంటే "లోడింగ్‌కి నేను సిద్ధం" అని కెప్టెన్ ఇచ్చే నోటీసు), గ్యాంగు (సరుకు ఎత్తే కూలీల జట్టు) ఎప్పుడు ఎక్కింది, వాన ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు తగ్గింది, పని ఎప్పుడు ముగిసింది. ఓడను అద్దెకు తీసుకున్నవాళ్లకీ ఓనరుకీ మధ్య ఆలస్యం డబ్బు లెక్క తేలేది ఈ కాగితం మీదే.

2024 సెప్టెంబరు 28న తెల్లబియ్యం ఎగుమతి మీద నిషేధం ఎత్తేశారు. 2023 జూలై 20 నుంచి అది నడిచింది. ఎత్తేశాక మా చేతికి పని ఒక్కసారిగా వచ్చిపడింది. ఆ ఒత్తిడిలోనే ఒక ఓడ విషయంలో మాకు గట్టి దెబ్బ తగిలింది. ఇరవై నాలుగు వేల టన్నుల బస్తా బియ్యం, రోజుకు మూడు వేల టన్నుల లెక్కన ఎనిమిది వెదర్ వర్కింగ్ డేస్. అంటే వాన వల్ల పని ఆగిన సమయం లెక్కలోకి రాదు. అది దాటితే రోజుకు 12,000 డాలర్ల డెమరేజ్ (ఆలస్యానికి కట్టే డబ్బు), గంటకు 500 అన్నమాట. మా ఎస్‌ఓఎఫ్‌లో "02:00 నుంచి 04:30 వరకు వాన, పని ఆగింది" అని ఉంది. ఓడవాళ్లు రాసుకునే డెక్ లాగ్‌లో ఒకటో, మూడో హ్యాచ్‌లు (సరుకు గదుల నోళ్లు) 02:10కి మూశారని, నాలుగోది 02:35కి మూశారని ఉంది. బస్తాల లెక్క రాసే ట్యాలీ షీటులో 02:30కి నాలుగో హ్యాచ్‌లోకి స్లింగు (క్రేనుకు కట్టిన బస్తాల మోపు) దిగినట్టు ఉంది. ఇలాంటివి ఆ ఒక్క ఓడలో ఆరు చోట్ల వచ్చాయి, మొత్తం కలిపితే అటూ ఇటూగా ఐదు గంటలు, 2,500 డాలర్లు. నాలుగు నెలల పాటు మెయిళ్లు నడిచాయి. రెండు వైపులా అడిగింది ఒకే ప్రశ్న: ఏజెంటు రాసింది నమ్మొచ్చా?

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. సరైన టైము మా దగ్గరే ఉంది. మా బోర్డింగ్ పెద్దాయన, ముప్ఫై ఏళ్లుగా ఓడలెక్కుతున్న మనిషి, తన జేబు పుస్తకంలో పెన్సిలుతో "2.10 చినుకు, 1, 3 మూత. 4 నడుస్తోంది. 2.35 నాలుగు మూత" అని చక్కగా రాసుకున్నారు. పొద్దున ఆయన ఫోన్లో చెప్తుంటే ఆఫీసులో టైపు చేసిన కుర్రాడు రెండుకు, నాలుగున్నరకు గుండ్రం చేసేశాడు. ఆ కుర్రాడి తప్పని కూడా అనను, అదే పొద్దున అతను ఇంకో రెండు ఓడల కాగితాలు చూస్తున్నాడు. నిజం పుస్తకంలో నుంచి కంప్యూటర్లోకి వచ్చే దారిలో పోయింది.

కాబట్టి మా ప్రాజెక్టు ఒక్కటే. టైము ఎక్కడ పుట్టిందో అక్కడే, పుట్టినప్పుడే దాన్ని పట్టుకోవాలి, ఆ తర్వాత దాన్ని ఇంకెవరూ మళ్లీ టైపు చేయకూడదు. కోడు రాసేది మా పిన్ని కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, శనాదివారాలు నాకిస్తానన్నాడు.

రెండో వారం

తమ్ముడు మొదట స్క్రీన్లు గీయడం మొదలుపెడితే ఆపాను. ముందు ఒక ఓడ ఫైలు నేల మీద పరిచి కూర్చున్నాం. ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు నంబరు) ఎన్ని చోట్ల విడివిడిగా టైపు చేశామో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకుంటూ వెళ్లాం. ఇరవై మూడు. సిబ్బంది పేర్ల జాబితా ఐదు చోట్ల, ఐదు రకాల వరుసల్లో.

ఇది మా ఒక్కరి బాధ కాదు. రేవుల్లో కాగితాలను ఒక పద్ధతిలో పెట్టడానికే 1965లో ఫాల్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. ఓడ సాధారణ డిక్లరేషన్, సరుకు, స్టోర్స్, సిబ్బంది సామాన్లు, సిబ్బంది జాబితా, ప్రయాణికుల జాబితా, ప్రమాదకర సరుకు అని ఏడు ఫారాలు కాలక్రమంలో ఖాయమయ్యాయి. 2019 ఏప్రిల్ 8 నుంచి ఈ సమాచారాన్ని ఎలక్ట్రానిక్‌గా ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరి అన్నారు, 2024 జనవరి 1 నుంచి అన్నీ ఒకేచోట ఇచ్చే కిటికీ లాంటి మారిటైమ్ సింగిల్ విండో ఉండాలన్నారు. మన దేశంలో 2018 డిసెంబరులో పీసీఎస్‌1ఎక్స్, 2023 జనవరిలో నేషనల్ లాజిస్టిక్స్ పోర్టల్ మెరైన్ అని రేవు పనుల ఆన్‌లైన్ పోర్టళ్లు వచ్చాయి. ఇవన్నీ మంచివే, నేను మనస్ఫూర్తిగా కోరుకునేవే. కానీ ఆ కిటికీ దగ్గరికి మనం పట్టుకెళ్లే సమాచారం మన ఇంట్లోనే ఇరవై మూడు ముక్కలుగా ఉంటే, తప్పు కూడా ఎలక్ట్రానిక్‌గా వెళ్తుంది, అంతే. అందుకే ముందు ఇల్లు సర్దుకోవాలి. ప్రభుత్వ పోర్టళ్లతో యాప్‌ని నేరుగా కలిపే పని ఈ దశలో పెట్టుకోలేదు. అక్కడ ఎక్కించడానికి సరిగ్గా తయారైన ఫైలు బయటికి వస్తే చాలు.

ఈ వారం పూర్తయిన పని ఐఎంఓ నంబరు తనిఖీ. ఓడ పేరు మారొచ్చు, జెండా మారొచ్చు, ఓనరు మారొచ్చు, ఈ ఏడంకెల నంబరు మాత్రం మారదు. చివరి అంకె తనిఖీ కోసం పెట్టిందే. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. 9074729 తీసుకోండి: 63, 0, 35, 16, 21, 4. కలిపితే 139. చివరి అంకె 9, సరిపోయింది.

పక్కపక్క అంకెలు తారుమారైతే ఇది కచ్చితంగా పట్టేస్తుంది. మా ఆఫీసులో ఎక్కువ జరిగేది ఆ తప్పే కాబట్టి సంబరపడ్డాం. తర్వాత తమ్ముడు ఊరికే అంకెలు మార్చి చూస్తూ ఒక కన్నం కనిపెట్టాడు. అదే నంబరులో మూడో అంకె 7 బదులు 5 కొడితే మొత్తం 129 వస్తుంది, చివర మళ్లీ 9. తప్పు నంబరు దర్జాగా దాటిపోతుంది. ఐదుతో గుణించే చోట రెండు అటూ ఇటూ అయితే పదే తేడా వస్తుంది, చివరి అంకెకు ఏమీ తెలియదు. కాబట్టి ఈ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోకుండా, నంబరు కొట్టగానే మా పాత ఫైళ్లలోంచి ఓడ పేరు పైకి తెచ్చి చూపించేలా చేశాం. ఓడ కొత్తదైతే షిప్స్ పర్టిక్యులర్స్ (ఓడ వివరాల) కాగితం పక్కన పెట్టి ఇంకొకరు చదివి సరిచూడాలి. రెండో మనిషి పేరు ఎక్కితేనే ఫైలు తెరుచుకుంటుంది.

మూడో వారం

పెద్దాయనతో కూర్చున్నాం. నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన వారం ఇదే.

తమ్ముడు "వాన మొదలు", "వాన ఆఖరు" అని రెండు బటన్లు పెట్టుకొచ్చాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "బాబూ, వానకీ పని ఆగడానికీ సంబంధం ఉంటుంది గానీ రెండూ ఒకటి కాదు" అన్నారు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. చినుకు పడుతుంది. బియ్యం కదా, తొలి చినుక్కే కెప్టెన్ హ్యాచ్ మూసేయమనొచ్చు, ఇంకో కెప్టెన్ కాసేపు చూద్దామనొచ్చు. చెప్పిన వెంటనే మూతపడదు, కింద గ్యాంగు పైకి రావాలి, గాల్లో ఉన్న స్లింగు దిగాలి. ఒక హ్యాచ్ ముందు మూస్తారు, ఒకటి వెనక. వాన తగ్గుతుంది, కానీ మూత మీద నీళ్లు నిలిచి ఉంటాయి, అవి తుడవకుండా తెరిస్తే లోపలికి కారుతాయి. తెరిచాక చూస్తే పక్కన బార్జి ఉండదు, టార్పాలిన్ కప్పి దూరంగా జరిగిపోయి ఉంటుంది. అది మళ్లీ వచ్చి కట్టేసరికి ఇంకో ఇరవై నిమిషాలు.

"ఇందులో వాన ఎంత, నీళ్లు తుడవడం ఎంత, బార్జి కోసం ఆగింది ఎంత? నువ్వు అన్నిటినీ వాన అని రాస్తే ఒకడు నవ్వుకుంటాడు, ఒకడు ఏడుస్తాడు" అన్నారు.

ఇక్కడ మా రేవు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. కాకినాడ యాంకరేజ్‌లో ఓడ ఒడ్డుకు రాదు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో అలల పోటు తగ్గే అఖాతంలో లంగరు వేసుకుని నిలబడుతుంది. బియ్యం బస్తాలు లారీల్లో జెట్టీకి, అక్కడి నుంచి బార్జీల్లో ఓడ పక్కకు, అక్కడ ఓడ క్రేన్లతో హ్యాచ్‌లోకి. బెర్తు మీద, అంటే రేవు గట్టుకు ఆనించి కట్టిన ఓడకైతే వాన తగ్గగానే లారీ అక్కడే ఉంటుంది. మాకు అలా కాదు, వానకీ పనికీ మధ్య సముద్రం ఉంటుంది. బయట దొరికే పోర్టు కాల్ సాఫ్ట్‌వేర్లు రెండు మూడు చూశాను, చాలావరకు బెర్తును మనసులో పెట్టుకుని చేసినవే. "బార్జి పక్కకు వచ్చింది, కట్టింది, ఖాళీ అయింది, విప్పింది" అన్న నాలుగు మాటలు పెట్టుకోవడానికి వాటిలో చోటు కనిపించలేదు.

సాయంత్రానికి ముప్ఫై ఎనిమిది సంఘటనల జాబితా తయారైంది. ప్రతి దానికీ తెలుగు పేరు, ఎస్‌ఓఎఫ్‌లో పడాల్సిన ఇంగ్లిష్ వాక్యం, హ్యాచ్ నంబరు అడగాలా వద్దా, బార్జి పేరు అడగాలా వద్దా. వాన ఒక్కదానికే చినుకు మొదలు, హ్యాచ్ మూత, వాన ఆగింది, మూత తుడవడం, హ్యాచ్ తెరిచారు, మొదటి స్లింగు అని ఆరు వచ్చాయి.

ఇంకో నియమం కూడా పెద్దాయనదే. "ఎవరి వల్ల ఆగింది" అన్న గడి ఉండకూడదు. తమ్ముడు రిపోర్టుల కోసం పెడదామన్నాడు, నాకూ సబబే అనిపించింది. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. బార్జి లేదు అని రాయి, ఎవరు పంపలేదో రాయకు, అది కాంట్రాక్టు చదివేవాళ్లు తేల్చుకుంటారు, మనం తీర్పు రాస్తే రేపు మనం రాసిన టైము కూడా ఒక పక్షం టైము అవుతుంది అన్నారు. ఆ గడి తీసేశాం.

ఐదో వారం

మొదటిసారి ఓడ మీదకు తీసుకెళ్లాం. నేనూ వెళ్లాను.

లాంచి జెట్టీ వదిలి కొంత దూరం వెళ్లేసరికి సిగ్నలు ఒక గీత, తర్వాత ఏమీ లేదు. ఇది ముందే తెలుసు కాబట్టి అన్నీ ముందు ఫోన్లోనే దాచుకుని, సిగ్నలు వచ్చినప్పుడు సర్వరుకు పంపేలా కట్టాం. తెలియనివి వేరే ఉన్నాయి. ఎండలో స్క్రీన్ కనిపించదు. తడి బొటనవేలికి బటన్ పలకదు, లేదా పక్కది పలుకుతుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చేతులూ నిచ్చెనకే, అలకు లాంచి లేచి పడుతుంటే ఫోన్ మోగితే చెయ్యి అటు పోతుంది. ఇది చిన్న విషయం కాదు, ప్రాణం మీదకొచ్చే విషయం. ఆ రాత్రే నాలుగు మార్పులు చేశాం: స్క్రీన్ మీద ఒకసారికి నాలుగే పెద్ద బటన్లు, నల్ల అక్షరాలు పసుపు మీద, నొక్కగానే కాకుండా ఒక సెకను పట్టి ఉంచితేనే నమోదు, "ఎక్కుతున్నాను" అని ఒక బటన్, అది నొక్కితే పది నిమిషాలు యాప్ ఏ శబ్దమూ చేయదు, ఏదీ అడగదు. ఫోన్ మెడలో తాడుకు, నీళ్లు చొరబడని సంచిలో.

ఆయిల్, కెమికల్ ట్యాంకర్ల డెక్ మీద మామూలు ఫోన్ తీయకూడదు, నిప్పురవ్వ భయం. ఆ ఓడలకు ఈ యాప్ వాడటం లేదు, పుస్తకమే.

ఒడ్డుకు తిరిగొచ్చాక ఆఫీసులో చూస్తే తొమ్మిది సంఘటనలు పద్దెనిమిది అయ్యాయి. సిగ్నలు వస్తూ పోతూ ఉన్న చోట ఫోన్ పంపింది, సర్వరు తీసుకుంది, తీసుకున్నానన్న జవాబు మాత్రం ఫోనుకు చేరలేదు, అది మళ్లీ పంపింది. ప్రతి సంఘటనకూ ఫోన్లోనే ఒక గుర్తింపు నంబరు పుట్టించి, అదే నంబరు రెండోసారి వస్తే సర్వరు పక్కన పెట్టేలా తమ్ముడు మార్చాడు. రిజిస్టర్డ్ పోస్టుకు చీటీ అంటించినట్టే. ఒక ఆదివారం పట్టింది.

ఆరో వారం

ఈ వారం నాకు నిద్ర పట్టలేదు.

యాప్ టైముకీ చీఫ్ ఆఫీసరు (ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి) టైముకీ ప్రతి చోటా ఏడు నిమిషాల తేడా వచ్చింది. అన్ని చోట్లా ఏడే, అంటే గడియారం తేడా. బోర్డింగ్‌కి వెళ్లిన కుర్రాడి ఫోన్లో ఆటోమేటిక్ టైము తీసేసి ఉంది, ఎప్పుడో చేత్తో పెట్టుకున్నాడు. టైము కోసమే కడుతున్న యాప్‌లో టైమే తప్పు.

ఫోన్ గోడ గడియారాన్ని నమ్మకూడదని అర్థమైంది. ఫోనులో ఇంకో లెక్క నడుస్తుంటుంది, ఆన్ చేసినప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నది. దాన్ని ఎవరూ చేత్తో తిప్పలేరు. ఇప్పుడు జెట్టీలో లాంచి ఎక్కే ముందు యాప్ సర్వరు టైముతో ఒకసారి సరిచూసుకుంటుంది, అప్పటి సెకన్ల లెక్క గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ప్రతి నొక్కుడికీ ఆ లెక్క మీద కూడుతుంది. మధ్యలో ఫోన్ ఆగిపోయి మళ్లీ ఆన్ అయితే లెక్క సున్నాకు పోతుంది కదా, అలాంటి వాటి పక్కన "గడియారం సరిచూడాలి" అని ఎర్ర గుర్తు పడుతుంది. దాంతో పాటు ఓడ ఎక్కగానే బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీది గడియారం చూసి తేడా రాసుకోవడం మొదటి పనిగా పెట్టాం. పెద్దాయన ఇది ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నారట. ఎప్పుడూ చెప్పలేదేం అంటే, ఎవరూ అడగలేదన్నారు.

అదే వారం ఇంకో టైము గొడవ. ఒక కెప్టెన్ "14వ తేదీ 1900 యూటీసీ" (ప్రపంచ ప్రామాణిక సమయం) అని రాక సమయం పంపాడు. మన టైము ఐదున్నర గంటలు ముందు, అంటే అది 15వ తేదీ అర్ధరాత్రి దాటి 00:30. మా వాళ్లు 14 సాయంత్రం ఏడని చదువుకుని లాంచి మాట్లాడేశారు. లాంచి, ఇద్దరు మనుషులు ఆ రాత్రంతా ఎదురుచూశారు, వాళ్లకు డబ్బులు ఇచ్చాం, తిట్లు కూడా తిన్నాం. తారీఖు దాటే చోటే ఎక్కువ తప్పులొస్తాయి. యాప్‌లో ఇప్పుడు టైము కొట్టేటప్పుడు యూటీసీనా ఇక్కడి టైమా అన్నది ఎంచుకోకుండా ముందుకు కదలదు, కొట్టగానే రెండూ వారం పేరుతో సహా పక్కపక్కన కనిపిస్తాయి: "గురువారం 19:00 యూటీసీ, శుక్రవారం 00:30 ఇక్కడ". వారం పేరు పెట్టడం ఆఫీసులో టైపు చేసే కుర్రాడి ఆలోచన. తారీఖు కన్ను దాటిపోతుంది గానీ, గురువారం శుక్రవారం అయితే ఎవరైనా ఆగుతారన్నాడు. నిజమే.

ఎనిమిదో వారం

పెద్దాయనకూ తమ్ముడికీ వాదన. నేను మధ్యలో.

ఆయన "హ్యాచ్ మూత" బదులు "హ్యాచ్ తెరిచారు" నొక్కారు. తుడిచేయమన్నారు. తమ్ముడు డిలీట్ బటన్ పెట్టనన్నాడు. తుడిచే వీలుంటే రేపు ఎవరైనా ఒత్తిడి పెట్టి తుడిపించే వీలు కూడా ఉన్నట్టే అని వాడి భయం. అది ఉత్త భయం కాదు. "ఆ వాన ఒక అరగంట పెంచి రాయండి" అని ఫోన్లు వస్తాయి, ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడికీ వచ్చే ఉంటాయి. ఎవరు చేశారో ఇక్కడ రాయను. ఆ ఫోన్ వచ్చినప్పుడు కుదరదని చెప్పడానికి మనిషికి ఒక ఆసరా కావాలి.

చివరికి దారి చూపింది ఓడ లాగ్ బుక్కే. అందులో తప్పు రాస్తే చెరపరు, రబ్బరు వాడరు, కాగితం చింపరు. కింద అక్షరాలు కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెడతారు. ఆ మాట పెద్దాయనే అన్నారు, అన్నాక తనే ఒప్పుకున్నారు. ఇప్పుడు యాప్‌లో "కొట్టివేత" ఉంది. పాతది గీతతో కనిపిస్తూనే ఉంటుంది, కొత్తది దాని కింద వస్తుంది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది పక్కన. ఎస్‌ఓఎఫ్ ప్రింటులో సరైనదే వస్తుంది, చరిత్ర మొత్తం ఫైల్లో ఉంటుంది. లోపల సర్వరులో కూడా ఏ వరుసా మారదు, కొత్త వరుసలు చేరడమే.

పదో వారం

ఖర్చుల లెక్క, అంటే పీడీఏ, ఎఫ్‌డీఏ. ఓడ రాకముందు ఇచ్చే అంచనా, వెళ్లాక ఇచ్చే అసలు లెక్క. ఇది త్వరగా అయిపోయింది. ఛార్జీల పట్టికను తారీఖుతో పాటు దాచాం, ఎందుకంటే రేటు మారాక పాత ఓడ లెక్క తెరిస్తే పాత రేటే కనిపించాలి. డాలరు రేటు కూడా అంతే. లాంచి బిల్లులు చేతిరాతవి, ఫోటో తీసి సంఘటనకు తగిలించాలి: ఏ ట్రిప్పు, ఎవరి కోసం. ఇంతకుముందు ఓడ వెళ్లాక నెలకు ఏ లాంచి ట్రిప్పు దేనికో గుర్తుకు తెచ్చుకుంటూ కూర్చునేవాళ్లం. ఈ ఒక్క మార్పుకే మా అకౌంట్స్ చూసే అమ్మాయి ప్రాజెక్టు పక్షాన నిలబడింది. అంతకుముందు ఇదంతా ఎవరి కోసమని ఆమె అడిగేది, ఆ ప్రశ్న న్యాయమైనదే.

బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే పత్రం, దాని జోలికి వెళ్లలేదు. అది హక్కు పత్రం, చేతులు మారితే సరుకు చేతులు మారినట్టు. 1856 నాటి పాత చట్టం బదులు మనకు 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం వచ్చింది. అయినా మా బియ్యం ఓడల్లో ఇప్పటికీ కాగితం ఒరిజినళ్లే నడుస్తున్నాయి, బ్యాంకులు, కొనేవాళ్లు అవే అడుగుతున్నారు. మేట్స్ రిసీటు (సరుకు ఓడకెక్కిందన్న రసీదు) మీద చీఫ్ ఆఫీసరు రాసిన రిమార్కును అక్షరం పొల్లుపోకుండా ఫోటోతో సహా దాచడం వరకే చేశాం.

పన్నెండో వారం

మొత్తం ఓడ, మొదటి నుంచి చివరిదాకా, యాప్ ఒక పక్క, పెద్దాయన పుస్తకం ఒక పక్క. బస్తా బియ్యం, పశ్చిమాఫ్రికా వెళ్లే ఓడ, నాలుగు హ్యాచ్‌లు. ఆరో రోజు రాత్రి వాన పడింది.

ఆ రాత్రి నేను కూడా ఓడ మీదే ఉన్నాను, అది రాయాలి. ఒంటిగంట దాటాక గాలి మారింది. లైట్ల వెలుగులో ముందు ఏమీ కనిపించలేదు. పెద్దాయన రైలింగ్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. "వస్తోంది" అన్నారు. ఒక నిమిషం తర్వాత నా కళ్లజోడు మీద ఒక చుక్క పడింది. ఆయన అప్పటికే నొక్కేశారు: 01:22 చినుకు మొదలు. క్రేను మీది మనిషికి కేక వేశారు, రెండో హ్యాచ్ మీద స్లింగు సగంలో ఉంది, దాన్ని కిందకు దించాలా పైకి తీసి బార్జిలోకి తిప్పాలా అని ఒక క్షణం తటపటాయింపు, దించేశారు. లోపల గ్యాంగు నిచ్చెన మీదుగా ఒకరి వెనక ఒకరు పైకి వస్తున్నారు, చివరి మనిషి బయటికి వచ్చి చెయ్యి ఊపేదాకా మూత కదలదు. 01:31 రెండు మూత. బార్జి మీద నలుగురు టార్పాలిన్ లాగుతున్నారు, గాలికి ఒక కొస చేతుల్లోంచి జారి తెరచాపలా లేచింది, మళ్లీ పట్టుకున్నారు. 01:33 నాలుగు మూత. అప్పటికి వాన గట్టిగా పడుతోంది. ఈ పదకొండు నిమిషాలను మేము ఇన్నాళ్లూ "01:30 వాన" అని రాస్తూ వచ్చాం.

ఓడ వెళ్లాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. 214 నమోదుల్లో ఏడు తేడాలు. ఒక చోట పుస్తకం తప్పు, మూడో హ్యాచ్ బదులు రెండు అని పడింది. మిగతా ఆరు చోట్ల యాప్ తప్పు. అంటే యంత్రం తప్పు కాదు, మనిషి పనిలో ఉండి ఐదు పది నిమిషాలు ఆలస్యంగా నొక్కాడు, యాప్ నొక్కిన టైమే జరిగిన టైము అనుకుంది. పుస్తకంలో రాసేటప్పుడు మనిషి "పది నిమిషాల కింద" అని వెనక్కి వెళ్లి రాస్తాడు, మేము ఆ వీలు ఇవ్వలేదు. ఇప్పుడు "ఇంతకు ముందు జరిగింది" అని ఒక బటన్, అందులో జరిగిన టైము, నొక్కిన టైము రెండూ విడివిడిగా దాస్తాం. రెండింటి మధ్య దూరం ఎక్కువైతే ఎందుకో ఒక ముక్క రాయాలి, లేదా వాయిస్‌గా చెప్పాలి. తెలుగులో చెప్తే చాలు.

చివరిరోజు ప్రింటు తీసి కెప్టెన్ ముందు పెట్టాం. ఫోన్ మీద సంతకం చేయమని అడగలేదు, ఆయనకు కాగితం, స్టాంపు కావాలి, అది ఆయన హక్కు. చీఫ్ ఆఫీసరు డెక్ లాగ్ తెచ్చుకుని వరసగా చూసుకుంటూ వెళ్లాడు. ఐదో రోజు ఒక చోట ఆగాడు: మాది బార్జి కట్టింది 16:40, వాళ్లది 16:46. మా దాని పక్కన ఫోటో ఉంది, మొదటి తాడు పడినప్పటిది. వాళ్ల లెక్క చివరి తాడు. రెండూ నిజమే. కెప్టెన్ కింద రిమార్కు రాశాడు, లాగ్ ప్రకారం 16:46 అని. మేము అభ్యంతరం చెప్పలేదు, ఆ రిమార్కును అలాగే యాప్‌లో కెప్టెన్ పేరుతో ఇంకో వరుసగా ఎక్కించాం. జాబితాలో "కట్టింది" అన్న మాటను "మొదటి తాడు", "గట్టిగా కట్టింది" అని రెండుగా విడగొట్టాం. ముప్ఫై ఎనిమిది మొదలు పెరుగుతూ పెరుగుతూ నలభై ఒకటయ్యాయి.

పదమూడో వారం

మిగిలిన పనులు: బోర్డింగ్‌కి వెళ్లే ఇంకో ఇద్దరికి నేర్పాలి. ఫోన్ బ్యాటరీ రాత్రి షిఫ్టుకు చాలడం లేదు, పవర్ బ్యాంకు సంచిలో పట్టేలా కుట్టించాలి. సిబ్బంది జాబితా ఐదు వరుసల్లో బయటికి వచ్చే పని సగంలో ఉంది, పాస్‌పోర్టు గడువు చూసే తనిఖీ కూడా అందులోనే. స్టీవిడోర్ల (సరుకు ఎక్కించే కాంట్రాక్టర్ల) ట్యాలీ షీటును కలపాలంటే ముందు వాళ్లతో కూర్చోవాలి. మన యాప్ వాళ్ల మీద నిఘా అనుకుంటే అంతా పోతుంది, అందుకే ఫోన్ తీసుకెళ్లకుండా టీ తాగడానికి వెళ్తాను.

నిన్న పెద్దాయన ఆఫీసుకొచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టారు. ఇక వద్దంటారేమో అనుకున్నాను. పేజీ తెరిచి చూపించారు. ఒక చోట "అల ఎక్కువ, బార్జి తగులుతోంది, పని ఆపారు, 11.05" అని ఉంది. ఇది మీ జాబితాలో లేదు, కార్తీకంలో గాలి తిరిగాక ఇదే ఎక్కువ ఉంటుంది, ఇప్పుడే పెట్టండి అన్నారు. తమ్ముడికి మెసేజ్ పెట్టాను. నలభై రెండోది. ఎల్లుండి తెల్లవారుజామున ఇంకో ఓడ లంగరు వేస్తోంది: బుధవారం 22:00 యూటీసీ, గురువారం 03:30 ఇక్కడ. లాంచికి చెప్పేశాను.